మంచె దిగేదాకా

వైనో ఉప్పు సీసాను బల్ల మధ్యలో పెట్టి అది చెట్టు మీది మంచె అన్నాడు. మిరియాల సీసా ఆడ జింక. వెన్న రాసే కత్తిని అడ్డంగా పెట్టి, ఇది సీడర్ చెట్లున్న చిత్తడి నేల అంచు అన్నాడు.

"గాలి ఎటు?" అని మనవరాల్ని అడిగాడు.

బ్రిటా వేలు తడుపుకుని పైకెత్తింది. "పొయ్యి దగ్గర్నుంచి నీ వైపు వస్తోంది తాతా. ఉల్లిపాయ వాసన."

"నవ్వు, నవ్వు. రేపు నీ వాసన దాని ముక్కుకి తగిలితే అప్పుడు అది నవ్వుద్ది."

బ్రిటా తల్లి మార్లిస్ వాళ్లకు వీపు పెట్టి పిండి వత్తుతోంది. రేపటికి పేస్టీలు కావాలి. గుండ్రంగా వత్తి, గొడ్డుమాంసం ముక్కలు, బంగాళాదుంప, ఉల్లిపాయ పెట్టి, మడిచి, అంచులు నొక్కి పళ్లెంలో పెడుతోంది. ఏటా జింకల వేట మొదలయ్యే రోజు బడికి సెలవు. అందరూ అడవికి పోతారు కాబట్టి వచ్చేవాళ్లు ఉండరని ఊరికి తెలిసిన సంగతే. బడి వంటశాలలో పనిచేసే మార్లిస్‌కు కూడా సెలవే. ఎటూ వెళ్లే పని లేని ఆ సెలవంటే ఆమెకు ఈ ఏడాది భయంగా ఉంది.

"ఆడది వచ్చింది. ఏం చేస్తావ్?"

"కదలను."

"ఎందుకు?"

"దాని వెనకాల పోతు జింక వస్తుంది కాబట్టి."

"ఎంతసేపటికి?"

"నాకేం తెలుసు. దాని ఇష్టం."

"అదీ మాట. దాని ఇష్టం. ఒక్కోసారి వెంటనే వస్తుంది. ఒక్కోసారి నీ కాళ్లు తిమ్మిరెక్కి, ఇంకేం వస్తుందిలే అని ఫ్లాస్కు మూత తిప్పుతావు చూడు, అప్పుడొస్తుంది. మామూలప్పుడు అది మనకంటే తెలివైంది. ఈ ఎద కాలంలోనే దానికి బుర్ర పనిచెయ్యదు. తిండి లేదు, నిద్ర లేదు. ముక్కు నేలకి ఆనించి ఆడదాని వెంట పడిపోవడమే."

"మా క్లాసు అబ్బాయిల్లాగా."

"వాళ్లకి కొమ్ములు కూడా లేవుగా పాపం."

బ్రిటా పగలబడి నవ్వింది. ఆ నవ్వు వాళ్ల నాన్న రాడ్నీది. పై పెదవి ఒక పక్కకే లేచే నవ్వు. మార్లిస్ వెనక్కి తిరిగి చూడలేదు.

వైనో చెప్పుకుంటూ పోయాడు. పోతు కొమ్ములతో రుద్ది బెరడు ఊడిన చోట చెట్టు తెల్లగా కనిపిస్తే అది నిన్నటిది, నల్లబడితే పాతది. గిట్టలతో గీరిన మట్టి తడిగా ఉంటే మళ్లీ వస్తుంది. నడిచిపోతున్న పోతును ఆపాలంటే మేకపిల్లలా ఒక్కసారి అరవాలి, రెండోసారి అరిస్తే మనిషని పట్టేస్తుంది. కొమ్ములు చూడకూడదు, కొమ్ములు చూస్తే చేతులు వణుకుతాయి. భుజం వెనక మడత చూడాలి. తుపాకీ పట్టుకుని నిచ్చెన ఎక్కకూడదు, దిగకూడదు. తాడుతో పైకి లాక్కోవాలి, తాడుతో కిందికి దించాలి. గుండు తగిలాక వెంటనే దిగి పరిగెత్తకూడదు. దెబ్బ తిన్నది కాసేపు పడుకుంటుంది. తరిమితే లేచి చిత్తడిలోకి పోతుంది, ఇక దొరకదు.

"ఇంక మధ్యాహ్నం," అన్నాడు వైనో. "మధ్యాహ్నం అందరికీ ఆకలేస్తుంది. అందరూ దిగి క్యాంపులకి పోతారు. మనుషులు అటూ ఇటూ తిరిగేసరికి పడుకున్న జింకలు లేస్తాయి. నేను కొట్టిన పెద్ద పోతులన్నీ మిట్టమధ్యాహ్నం కొట్టినవే. అందుకని చీకటి నుంచి చీకటి దాకా. మధ్యలో దిగకూడదు. మధ్యలో ఎవరూ అడుగు..."

అక్కడ ఆగిపోయాడు. వెన్నకత్తిని కొంచెం ఎడమకు జరిపాడు.

మార్లిస్ చేతిలో అప్పడాల కర్ర ఆగింది. "మధ్యాహ్నం దిగి ఇంటికొస్తుంది," అంది గోడతో చెప్తున్నట్టు. "తిని మళ్లీ వెళ్తుంది."

"అమ్మా, మళ్లీ మొదలెట్టకు."

"మొదలెట్టలేదు. చెప్తున్నాను."

"పడకుండా పట్టీ కట్టుకుంటానన్నాను. తాడుకి కొక్కెం తగిలించుకుంటానన్నాను. తాత కొత్త మంచె కట్టాడు. ఇంకేం కావాలి నీకు? నా ఒళ్లో కూర్చుంటావా?"

"చోటుంటే కూర్చునేదాన్నే."

వైనో లేచి, ఎడమకాలు ఈడ్చుకుంటూ వెళ్లి కోటు తగిలించుకున్నాడు. "పొద్దున్నే వస్తా," అన్నాడు. మార్లిస్‌ను దాటి వెళ్తూ పేస్టీల పళ్లెం వైపు చూశాడు కాని మామూలుగా వేసే హాస్యం ఏదీ వెయ్యలేదు.

*

పోయినేడు ఇదే రోజు మార్లిస్ భర్త రాడ్నీ తెల్లవారకముందే అడవిలోకి వెళ్లాడు. వైనోకి కాలు నొప్పి. పొద్దున కాసేపు మడుగు దగ్గర తన చోట కూర్చుని తిరిగొచ్చేశాడు. మధ్యాహ్నం మార్లిస్ సూప్ వేడి చేసి డబ్బాలో పోసి, బూట్లు వేసుకుంది. "ఎక్కడికి?" అన్నాడు మామగారు. చెప్పింది. "వద్దమ్మాయ్," అన్నాడు. "ఇప్పుడు నడిచి వెళ్తే ఆ చిత్తడంతా నీ వాసన పడుతుంది. వాడు నిన్ను తిట్టడు, నన్ను తిడతాడు." ఆయన మాట నిజమే. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె అలా వెళ్తే రాడ్నీ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆమె బూట్లు విప్పేసింది. సూప్‌ను ఇద్దరూ పంచుకుని తాగారు.

చీకటి పడ్డాక కూడా రాడ్నీ రాకపోతే ఇద్దరూ వెళ్లారు. మంచె మెట్టు ఒకటి ఊడి వేలాడుతోంది. రాడ్నీ చెట్టు మొదట్లో లేడు. కొంచెం అవతల, ఇంటి వైపుకి తల పెట్టి ఉన్నాడు. పాకినంత మేరా ఆకులు చెదిరిపోయి ఉన్నాయి. ఫ్లాస్కు పక్కనే ఉంది, కాఫీ సగమే ఉంది. నడుం విరిగిన మనిషి కాఫీ పోసుకుని తాగి, మూత బిగించి, ఎవరైనా వస్తారని చూశాడన్నమాట. మధ్యాహ్నం దాటాకే పోయి ఉంటాడని డాక్టరు చెప్పాడు.

ఆ సూప్ సంగతి మార్లిస్ ఎవరికీ చెప్పలేదు. వైనో కూడా చెప్పలేదు. ఒకరితో ఒకరు అసలే అనుకోలేదు. వేసవి మొదట్లో ఆయన ట్రాక్టరుకు గొలుసు కట్టి పాత మంచెను లాగి పడేశాడు. ఆ చెట్టుకి కాస్త దూరంలో ఇంకో చెట్టుకి కొత్తది కట్టాడు. ఆయన సుత్తి దెబ్బలు వంటింట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరికోసం కడుతున్నాడో మార్లిస్‌కు అప్పుడే అర్థమైంది. నాన్న చోట తను కూర్చుంటానని బ్రిటా అంతకు ముందే తాతకి చెప్పిందట. తల్లికి చెప్పలేదు.

*

పొద్దున్న బ్రిటా నారింజ రంగు కోటు మీద పట్టీలు బిగించుకుంటుంటే, మార్లిస్ ప్రతి కొక్కేన్నీ లాగి చూసింది.

"గుర్రానికి జీను కడుతున్నట్టుంది," అంది బ్రిటా.

"గుర్రమైతే చెప్పిన మాట వినేది."

"మధ్యాహ్నం రానమ్మా. ముందే చెప్తున్నా. చూస్తూ కూర్చోకు."

మార్లిస్ భుజం పట్టీని ఇంకోసారి లాగి వదిలింది. తాతా మనవరాలూ మంచులోకి వెళ్లిపోయారు. రాత్రి కురిసిన మంచు కొత్తగా, మెత్తగా ఉంది. వాళ్ల దీపాలు రెండూ షెడ్డు దాటేదాకా చూసి తలుపు వేసింది.

పొద్దంతా చేతికి దొరికిన పనల్లా చేసింది. ఫ్రిజ్ అరలు తీసి కడిగింది. రాడ్నీ చొక్కాలు అల్మరాలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మార్చి, మళ్లీ అక్కడే పెట్టింది. తుపాకీ శబ్దం దూరంగా వినిపించినప్పుడల్లా ఆగింది. అవి పక్క భూములవి. చిత్తడి వైపు నుంచి ఏమీ వినిపించలేదు. ఫోను పనిచేసే చోటు కాదది.

ఎండ వంటింటి బల్ల మీదికి వచ్చేసరికి బూట్లు తెచ్చి ముందర పెట్టుకుని కూర్చుంది. వెళ్తే ఏమవుతుందో తెలుసు. ఒక పిల్ల ఏడాదంతా ఎదురుచూసిన రోజు చెడిపోతుంది. ఆ పిల్ల మళ్లీ తల్లితో మాట్లాడటానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. అసలే ఈ మధ్య మాటలు తక్కువ. వెళ్లకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. బహుశా ఏమీ కాదు. అప్పుడూ అలాగే అనుకుంది.

బూట్లు వేసుకుని బయటికి నడిచింది.

అడుగుజాడలు స్పష్టంగా ఉన్నాయి. బ్రిటావి చిన్నవి, సూటిగా పోతున్నాయి. వైనోవి వెడల్పుగా, ఎడమకాలు ఈడ్చిన గీతతో పక్కనే ఉన్నాయి. దారి చీలే చోట ఆయన ఎడమకి, బీవర్లు వాగుకి అడ్డుకట్ట కట్టిన మడుగు వైపుకి తిరగాలి. తిరిగాడు. కాని కొంచెం దూరం పోయాక ఆ గీత చుట్టు తిరిగి, పొదల వెనక నుంచి మళ్లీ చిత్తడి వైపే వచ్చింది. మార్లిస్ నిలబడి దాన్ని చూసింది. తర్వాత బ్రిటా జాడలు వదిలేసి దాని వెంట నడిచింది.

కూలిపోయిన పెద్ద హెమ్లాక్ చెట్టు వెనక, తిరగేసిన బకెట్టు మీద వైనో కూర్చుని ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని, వెనక్కి చూడకుండానే అరచెయ్యి కిందికి ఊపాడు. మార్లిస్ వంగి, పాకుతున్నట్టు వెళ్లి ఆయన పక్కన మంచులో కూలబడింది. అక్కడి నుంచి కొమ్మల సందులో కొత్త మంచె కనిపిస్తోంది. మంచె మీద నారింజ రంగు. నిచ్చెన పైనుంచి కిందిదాకా కనిపిస్తోంది.

"మీ చోటు మడుగు దగ్గర కదా," అంది గొంతు తగ్గించి.

"అక్కడ గాలి బాలేదు."

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారా?"

ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. గడ్డం మీద ఊపిరి గడ్డకట్టి ఉంది. బకెట్టు చుట్టూ మంచు తొక్కీ తొక్కీ నేల బయటపడింది. కాళ్లు గడ్డకట్టకుండా తొక్కుకుంటూ కూర్చున్నాడన్నమాట. తుపాకీ ఒళ్లో ఉంది కాని దాని గొట్టానికి తొడిగిన గుడ్డ ఇంకా అలాగే ఉంది.

"గాలి మన మీదికే వస్తోంది," అన్నాడు. "మనం ఇక్కడుంటే పిల్ల వేటకి నష్టం లేదు. తల ఎత్తకు అంతే."

చలి మోకాళ్లలోంచి ఎక్కుతోంది.

"పోయినేడు నేను బూట్లు వేసుకున్నాను," అంది మార్లిస్.

"తెలుసు."

"లేసులు కూడా కట్టుకున్నాను మావయ్యా."

"తెలుసమ్మాయ్. చూశాగా."

ఆ తర్వాత ఇంకో మాట వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఏడాదిగా ఎదురుచూస్తున్న మాటే. ఆయన ముక్కు చివర ఒక చుక్క వేలాడింది. తుడుచుకోలేదు. మంచె మీదనుంచి చూపు తిప్పలేదు.

ముందు ఆడది వచ్చింది. సీడర్ల మధ్య నుంచి, తోక ఒక పక్కకి పెట్టి, నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూ వచ్చింది. మంచె కిందుగా దాటిపోయింది. నారింజ రంగు కదల్లేదు. వైనో పెదవులు కదిలాయి. "ఆగు, ఆగు" అంటున్నాడని మార్లిస్‌కు తెలిసింది.

కాసేపటికి పోతు వచ్చింది. మెడ ఉబ్బిపోయి, నోట్లోంచి నురగ కారుతూ, డొక్కలు లోపలికి పోయి ఉంది. వేసవిలో తిన్నదంతా ఈ కొద్ది రోజుల్లో కరిగిపోయినట్టుంది. ముక్కు మంచులో పెట్టి, ఆడది నడిచిన జాడలోనే, చుట్టూ ఏముందో పట్టకుండా వస్తోంది. మంచె మీదనుంచి మేకపిల్ల అరుపు ఒక్కసారి వినిపించింది. పోతు ఆగి తలెత్తింది.

తుపాకీ పేలింది. పోతు వెనక కాళ్లు ఎగరేసి, చిత్తడి వైపు పరిగెత్తి, కొమ్మలు విరిగిన చప్పుడు చేసి, అంతలో చప్పుడు లేకుండా పోయింది.

"పడింది," అన్నాడు వైనో. "ఇప్పుడు దిగకూడదు. దిగకే తల్లీ. కూర్చో."

బ్రిటా దిగలేదు. చెప్పినట్టే కూర్చుంది. ఆ కూర్చున్నంతసేపూ మార్లిస్ చూసింది నిచ్చెన మెట్లనే. పోతు సంగతి ఆమె మరిచిపోయింది. తర్వాత తుపాకీ తాడు మీద మెల్లగా కిందికి వచ్చింది. తర్వాత ఒక బూటు మంచె అంచు దాటి, మెట్టు కోసం వెతుక్కుంది.

రెండు మెట్లు దిగింది. కొక్కెం తాడు వెంట జరుపుకుంది. ఇంకో మెట్టు. పొద్దున బూట్లకి అంటుకున్న మంచు ఆ మెట్టు మీద గడ్డకట్టినట్టుంది. కాలు జారింది. రెండు కాళ్లూ గాలిలోకి పోయాయి. పట్టీ పట్టి ఆపింది. పిల్ల చెట్టు చుట్టూ సగం తిరిగి, భుజం బెరడుకి కొట్టుకుని, వేలాడింది.

మార్లిస్ లేచి నిలబడింది. వైనో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అరవకు. పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుతుంది, మళ్లీ జారుతుంది."

ఆమె అరవలేదు. చెయ్యి విడిపించుకుని నడిచింది. కొమ్మలు ముఖానికి తగులుతున్నా పక్కకి తొయ్యలేదు. నిచ్చెన దగ్గరికి వెళ్లి రెండు చేతులతో పట్టుకుంది. అప్పటికి పైన బూటుకి మెట్టు దొరికింది. ఒక్కో మెట్టూ దిగుతున్న బరువు ఆమె అరచేతుల్లోకి తెలుస్తోంది. ఆఖరి మెట్టు దిగి బ్రిటా ఇటు తిరిగింది.

"అమ్మా?" ముఖం పాలిపోయి ఉంది. "నువ్వెప్పుడొచ్చావ్?"

"మధ్యాహ్నం."

"రావద్దన్నాను కదా. చెప్పాను కదా నీకు. పోతు నీ వాసన పట్టుంటే?" అంటూనే కొమ్మల్లోంచి బకెట్టుతో వస్తున్న తాతని చూసింది. "నువ్వు కూడానా? నువ్వు మడుగు దగ్గర కదా ఉండాలి?"

వైనో వచ్చి నిలబడ్డాడు. "బాగా కొట్టావ్," అన్నాడు. "ఆడదాన్ని పోనిచ్చావు చూడు, అది బాగుంది."

"పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నావా? నన్ను చూస్తూ?"

"గాలి నీ వైపుకి లేదులే."

"గాలి సంగతి కాదు తాతా." బ్రిటా కొక్కెం విప్పబోయింది. అది బిగుసుకుపోయి ఊడి రాలేదు. "మధ్యలో ఎవరూ రాకూడదు, చీకటిదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు అని నువ్వే కదా అంటావు. మరి నా కోసం ఎందుకు వచ్చారు ఇద్దరూ?" ఆగింది. తర్వాత మాట తనకే కొత్తగా తట్టినట్టు నెమ్మదిగా అంది. "నాన్న కోసం ఎందుకు రాలేదు?"

వైనో బకెట్టు కింద పెట్టాడు.

"వస్తానన్నాను," అంది మార్లిస్. "సూప్ కూడా కాచాను."

"మరి?"

మార్లిస్ మామగారి వైపు చూడలేదు. ఆయన చెప్పకపోతే తను చెప్పేది కాదు. ఆ సంగతి ఆయనకి కూడా తెలుసు.

"నేనే వద్దన్నాను," అన్నాడు వైనో.

"ఎందుకు?"

"ఎద కాలం కదా. మధ్యాహ్నం కదా." ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. నిన్న బల్ల దగ్గర పాఠం చెప్పినట్టే ఉంది. "వాడికి అలవాటే అనుకున్నాను. వాడికి ఎవరూ అక్కర్లేదనుకున్నాను."

బ్రిటా ఇద్దర్నీ చూసింది. తిడుతుందని, ఏడుస్తుందని మార్లిస్ చూసింది. పిల్ల రెండూ చెయ్యలేదు. కొక్కెం మళ్లీ లాగింది. మార్లిస్ వంగి దాన్ని విప్పితే కాదనలేదు. తుపాకీ అందుకుని, నెత్తుటి చుక్కలు చూసుకుంటూ చిత్తడి వైపు నడిచింది.

పోతు రెండు సీడర్ల మధ్య పడి ఉంది. కన్ను తెరిచే ఉంది. బ్రిటా తాత నేర్పినట్టే పుల్లతో ఆ కన్ను మీద తాకి, కదలకపోవడం చూసి, కత్తి తీసింది. మార్లిస్ వెనక కాలు పట్టుకుని ఎడంగా లాగింది. ఎవరో ఒకరు పట్టుకోవాలి.

"కత్తి మొన పైకి ఉండాలి," అన్నాడు వైనో వెనకనుంచి. "పేగు తెగితే మాంసం..."

"తెలుసు," అంది బ్రిటా.

పోతు కడుపు తెగి వేడి ఆవిరి లేచి పిల్ల ముఖాన్ని కప్పేసింది. మోచేతులదాకా నెత్తురయింది. గొంతు దగ్గర తెగక ఒకసారి ఆగినప్పుడు ఆయన చెయ్యి ముందుకి వచ్చింది. బ్రిటా దానికి చోటివ్వలేదు. తనే కోసుకుంది. లోపలున్నదంతా మంచు మీదికి తోసి, చేతులు మంచుతో రుద్దుకుంది. ఏడాదికి సరిపడా మాంసం ఉండవలసిన పోతు. తీరా చూస్తే ఎముకల మీద కండ అంతంతే ఉంది.

తల్లీ కూతురూ చెరో కొమ్మూ పట్టుకుని లాగారు. కళేబరం మంచు మీద జారుతూ వచ్చింది. వైనో రెండు తుపాకులూ బకెట్టూ పట్టుకుని వెనక నడుస్తున్నాడు. ఇప్పుడు కాలు ఈడ్చడమే కాదు, రెండో కాలు కూడా మొద్దుబారినట్టుంది. ఆ నడక చప్పుడు మార్లిస్‌కు వినిపిస్తూనే ఉంది.

దారి చీలే చోటుకి కాస్త ముందు ఆ చప్పుడు ఆగిపోయింది.

బ్రిటా లాగుతూనే ఉంది. "రా అమ్మా. చలేస్తోంది," అంది.

మార్లిస్ కొమ్ము వదిలేసి వెనక్కి తిరిగింది. ఆయన చెట్టుకి చెయ్యి ఆనించి, తల వంచుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఆమె ఆయన దగ్గరికి వెళ్లలేదు. చూస్తూ నిలబడింది. బ్రిటా కూడా ఆగింది కాని అటు తిరగలేదు.

కాసేపటికి ఆయన చెట్టు మీదనుంచి చెయ్యి తీశాడు. ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. ఆయన తమ దాకా వచ్చేవరకూ చూసి, మార్లిస్ వంగి కొమ్ము పట్టుకుంది.